రేకు కారలేదు

మాఘమాసం పెళ్లిళ్ల కోసం ఇచ్ఛాపురం మీంచి తెచ్చిన బరంపురం పట్టుచీరలు రేకులబండిలో తడిసి మచ్చలు పడిపోవడం, చీపురుపల్లి బజారులో పదిమందీ చూస్తూండగా బట్టల వర్తకుడు జగన్నాధం తన మేనల్లుడూ ఇల్లరికపుటల్లుడూ అయిన బంగారురాజుని నోటికొచ్చినట్టు అనడం, ఆ సాయంత్రమే బంగారురాజు కట్టుబట్టలతో రైలెక్కి వెళ్లిపోవడం మూడేళ్ల కిందటి మాట. ఆ బండిని తయారుచేసినవాడు బంగారురాజే. మిలిటరీవాళ్లు వేలం వేసిన ట్రైలరు చట్రం కొని, మీద కర్రలు నిలబెట్టి, నాలుగు వేపులా పైనా రేకులు బిగించి, షాపు జీపు వెనక తగిలించి సంతలకి బట్టలు తీసుకెళ్లేలా చేశాడు. అతను పోయాక అది పెరట్లో మూలపడింది. ఈ ఏడు దాన్ని మళ్లీ బయటికి లాగి, విజయనగరం నుంచి నరసింగరావు అనే మేస్త్రీని పిలిపించి, పైరేకులు మార్పించి తారు పూయించాడు జగన్నాధం. అంత చేసినా పలాస సంత నుంచి తిరిగొచ్చిన బండి తలుపు తీస్తే పైవరస మూటలు తడిసి ఉన్నాయి. బంగారురాజు భార్య చిన్నతల్లి ఆ మూటల మీద చెయ్యి వేసి నిలబడిపోయింది. పోయినవారం భాగంలో ఆమెని అక్కడే వదిలి వచ్చాం.

ఆమె ఆలోచన మూటల మీద లేదు. నెల రోజులై చినుకు పడలేదు. పలాస వేపూ పడలేదని డ్రైవరు సోములు ఒట్టేసి చెబుతున్నాడు. వాన లేకుండా కప్పు ఎలా కారుతుంది?

"మంచు, అమ్మా, మంచు," అన్నాడు నరసింగరావు, తారుడబ్బా పక్కన గొంతుక్కూచుని బీడీ ఆర్పుతూ. "మార్గశిరం మంచు వానకేటి తీసిపోదు. మేకుల సందుల్లోంచి దిగిపోతన్నాది. ఇంకో పూత ఏసీమంటారా?"

"వెయ్యి మరి," అన్నాడు జగన్నాధం షాపు అరుగు మీంచే. మూడేళ్లలో ఆయన ఆ బండి దగ్గరికి వచ్చి చూసింది లేదు.

చిన్నతల్లి కొంగు బిగించి బండిలోకి ఎక్కింది. తలెత్తి చూస్తే రేకు అడుగున నీటిబొట్లు వరసకట్టి వేలాడుతున్నాయి. మేకుల దగ్గర ఉన్నాయి. మేకన్నది లేనిచోట, రేకు నట్టనడుమ కూడా ఉన్నాయి. ఒక బొట్టు వేలితో తీసి నాలిక మీద వేసుకుంది. తారు వాసన లేదు. చప్పగా ఉంది, అన్నం గిన్నె మూతకి పట్టే నీళ్లలాగ.

అక్కడ ఆమె ఆలోచన ఆగింది. మూత అడుగున ఆ నీళ్లు రోజూ చూసేదే. మూతకి కంత ఉండదు. ఆ నీళ్లు పైనుంచి దిగవు, గిన్నెలోంచి లేస్తాయి.

ఆ పూట అన్నం ముందు కూచుని ఆమె ఆనాటి సంగతే తలుచుకుంది.

మూడేళ్ల కిందట ఆ రోజు, "నా మేనల్లుడివి కాకపోతే నిన్ను గుమ్మం తొక్కనిచ్చేవాణ్ణి కాదురా! రేకుముక్క బిగించడం చేతకానివాడివి, నా వ్యాపారమేటి నిలబెడతావు?" అని జగన్నాధం అరుస్తూంటే బంగారురాజు మావకి ఎదురు చెప్పలేదు. తల తిప్పి పెళ్లాం వేపు చూశాడు.

"నువ్వేటంటావు చిన్నతల్లీ?" అని అడిగాడు, మెల్లిగా.

ఆమె చేతిలో తడిసిన వంకాయరంగు చీర ఉంది. ఆ చీర ఆమె కోసం అతనే రంగు చెప్పి, అమ్మకానికి పెట్టొద్దని సోములుతో చెప్పి తెప్పించినది. దాని అంచు మీద పాకిన మచ్చ చూస్తూ, "నీళ్లు కారిపోనాయి గదా బావా," అంది.

ఆ నాలుగు మాటలే. అతను తల ఆడించాడు, సరే అన్నట్టు. చేతులు కడుక్కుని ఇంట్లోకి వెళ్లాడు. ఆమె చీరలు ఆరబెట్టే సందడిలో ఉండగానే వీధిలోకి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఉత్తరం ముక్క లేదు.

షాపు వెనకగదిలో కూచుంటే స్టేషను చప్పుళ్లన్నీ వినిపిస్తాయి. మధ్యాహ్నం పాసింజరు వచ్చి ఆగగానే చిన్నతల్లి చేతిలో మడత ఆగిపోతుంది. బండి కదిలాక, స్టేషను నుంచి ఇంటిదాకా మనిషి నడిచి రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఆమె వీధిగుమ్మం వేపు చెవిపెట్టుకుని ఉంటుంది. తరవాత మళ్లీ మడత అందుకుంటుంది. అతని రేకు కత్తెరకి తుప్పు పట్టకుండా శనివారం శనివారం కొబ్బరినూనె రాస్తుంది. అతను విడిచిన చొక్కా ఒకటి వంకెకి వేలాడుతూ ఉండేది. ఏడాది గడిచాక, దుమ్ము పట్టిందని దాన్ని ఉతికి ఆరేసింది. ఆరిన చొక్కా తెచ్చుకుని మొహానికి ఆనించుకుంటే అందులో సబ్బువాసన తప్ప మరేం లేదు. ఆ రోజు గది తలుపు వేసుకుని ఏడ్చింది.

ఇరుగుపొరుగు అడిగితే "పనిమీద ఎళ్లేరు" అనేది. మూడేళ్లలో అడగడం వాళ్లే మానేశారు.

ఇప్పుడు ఆమెకి ఒకటే తెలుసుకోవాలని ఉంది. బావ వేసిన కప్పు నిజంగా కారిందా?

నరసింగరావుని రెండురోజులు ఆగమంది. పొద్దు వాలేవేళ టార్పాలిను రెండు మడతలుగా బండి కప్పు మీద పరిపించి తాళ్లతో కట్టించింది, పైనుంచి మంచుబొట్టు తగలకుండా. లోపల తడిబట్టలు దండేల మీద ఆరేసి తలుపులు మూయించింది. తెల్లారి కాకులు అరిచేవేళకి వెళ్లి ముందు టార్పాలిను ఎత్తి చూసింది. దాని కింద కప్పు చేత్తో తడిమితే చల్లగా, పొడిగా ఉంది. తలుపు తీసింది. మెడ మీద టప్పున చుక్క పడింది. ఇంకోటి చేతి మీద పడింది. పైన రేకంతా బొట్లే.

"రేకు కారలేదు," అంది పైకే. పక్కన ఎవరూ లేరు. మళ్లీ అంది, "బావా, రేకు కారలేదు."

లోపలి తేమే రాత్రి చలికి రేకుకి తగిలి నీరవుతోంది. నేతగాళ్ల దగ్గర గంజితడి ఆరకుండానే ఎత్తిన మూటలు, మంచుకి తడిసిన టార్పాలిను మడిచి లోపల పడెయ్యడం, రాత్రి సోములు తలుపేసుకుని లోపలే పడుకోవడం, ఇవన్నీ ఆమె ఒకదాని తరవాత ఒకటి గుర్తు చేసుకుంది. మరి ఆ ఆవిరి బయటికి పోవడానికి దారేది? అంత తెలిసిన మనిషి దారి ఉంచకుండా చేసి ఉంటాడా?

గోడలు తడుముకుంటూ వెతికింది. ముందుగోడకి పైన కప్పుకి జానెడు కింద, వెనక తలుపు పైన, మిగతా రేకుతో కలవని రెండు చదరపు ముక్కలు కనిపించాయి. కిరసనాయిలు డబ్బా కోసి కొట్టిన ముక్కలు. 

సోములు వేపపుల్ల నములుతూ అటు వచ్చాడు.

"సోములూ, ఇలా రా. ఇవేటి?"

అతను చూశాడు. నోట్లో పుల్ల తీసేశాడు. చూపు నేల మీదికి దించేశాడు.

"నిన్నే అడుగుతున్నాను. ఎవరు కొట్టేరు ఇవి?"

"నానే కొట్టేను అమ్మాయిగోరూ."

"ఎవరు కొట్టమన్నారు?"

సోములు అరచేతులు పంచెకి తుడుచుకున్నాడు.

"ఎవరు? నాన్నేనా?"

"మరిసిపోనారా అమ్మా? మీరే గదా."

చిన్నతల్లి బండి గోడ పట్టుకుంది. మరిచిపోయిన మాట నిజమే. మూడేళ్ల కిందట బండి పని ముగిసే రోజు బావ తలుపు అంచులకి రబ్బరు కొనడానికి విజయనగరం వెళ్లాడు. మర్నాడు బండి బయల్దేరాలి. లోపల చూసుకుందామని ఎక్కిన తనకి ఆ కంతల్లోంచి వెలుతురు కనిపించింది. పట్టుబట్టకి దుమ్ము పడుతుంది, వానజల్లు కొడుతుంది, బావ మూయడం మరిచిపోయినట్టున్నాడు అనుకుంది. సోములుకి చెప్పి కొట్టించేసింది. సాయం చేశాననే అనుకుంది. బావ రాత్రి పొద్దుపోయి వచ్చాడు, బండి తెల్లవారక ముందే కదిలిపోయింది. ఆ సంగతి మళ్లీ తలపుకి రాలేదు.

"బావకి తెలుసునా?" అంది.

"బండి తిరిగొచ్చినప్పుడు ముందు ఎక్కినోరు ఆయనే గదమ్మా. సావుకారు ఇంకా రానేదు. ఈ ముక్కల మీద సెయ్యేసి సూసేరు. ఎవులు కొట్టేర్రా అన్నారు. అమ్మాయిగోరు కొట్టమన్నారు బాబూ అన్నాను. అలగే ఒక్క గడియ నిలబడిపోనారు. 'సరే, మావకి సెప్పకు' అన్నారు. తరవాత సావుకారు వొచ్చీసేరు."

చిన్నతల్లి లోపలికి వెళ్లి రేకు కత్తెర, పట్టకారు తెచ్చుకుంది. సోములు అందుకోబోతే ఇవ్వలేదు. ఒక్కొక్క మేకూ తనే పీకింది. వేలు తెగితే కొంగు చుట్టుకుంది. డబ్బారేకు ఊడి వచ్చాక కనిపించింది, లోపల సన్నటి ఇనపజల్లెడ. బయటివేపు వంచి కొట్టిన చిన్న రేకుచూరు. ఎంత జల్లు కొట్టినా నీరు బయటికే జారిపోయేలా ఉంది. పురుగు రాకుండా, చినుకు పడకుండా, గాలి మాత్రం ఆడేలా ఆయన అన్నీ చూసుకునే పెట్టాడు. తను ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవాడు.

ఆ రోజే ఆమె కప్పు అడుగున ఈతచాపలు కట్టించింది. నేల మీద చెక్కపట్టీలు పరిపించి, మూటలకీ గోడకీ మధ్య చెయ్యి దూరేంత ఎడం ఉంచింది. గంజిబట్ట ఒక పూటంతా ఎండలో ఆరితే గాని ఎక్కించనివ్వలేదు. ఇకనుంచి బండిలో పడుకోవద్దని సోములుకి చెప్పింది. వరసగా మూడు ఉదయాలు తలుపు తీసి చూసింది. మూడుసార్లూ చాపలు పొడిగా ఉన్నాయి. మూటల్లో కొత్తబట్ట వాసన తప్ప ముక్కిన వాసన లేదు.

మూడో ఉదయం, మంగళవారం, షాపు నిండా జనం ఉన్నారు. గరివిడి నుంచి పెళ్లిబట్టలకి వచ్చిన రైతుకుటుంబం ఒకటి జంపఖానా మీద కూచుంది. జగన్నాధం గజంబద్ద పట్టుకుని గుడ్డ కొలుస్తున్నాడు. చిన్నతల్లి రెండు డబ్బారేకు ముక్కలూ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఏటమ్మా ఇవి?"

"బావ బండికి ఉంచిన గాలికంతలు మూసిన రేకులు నాన్నా. బండి కారలేదు. అప్పుడూ కారలేదు, ఇప్పుడూ కారలేదు. లోపలి తడే ఎటూ పోలేక పట్టుబట్టల మీద పడింది."

జగన్నాధం చుట్టూ చూశాడు. "సరేలే. ఇప్పుడెందుకా గొడవ? జనం ఉన్నారు."

"ఉన్నారనే వచ్చేను. ఆ రోజూ జనం ఉన్నారు."

రైతుభార్య చేతిలో చీర అలాగే ఉండిపోయింది. పక్క కొట్టు గుమాస్తా గుమ్మంలో ఆగాడు.

"ఈ కంతలు మూయించింది నేను," అంది చిన్నతల్లి. "బావ ఊళ్లో లేనప్పుడు, ఆయన్ని అడక్కుండా. తప్పు నాది. నువ్వన్న మాటలన్నీ నాకు తగలవలసినవి."

జగన్నాధం గజంబద్ద కింద పెట్టాడు. ఒక రేకుముక్క అందుకుని తిప్పి చూశాడు.

"వాడికి తెలుసునా?"

"తెలుసు."

"తెలిసి, నాచేత అన్ని మాటలు పడ్డాడా?"

"తెలిస్తే నువ్వు నన్నంటావని."

ఆయన మొహం గోడ వేపు తిప్పుకున్నాడు. చెల్లెలు పోయాక పదేళ్ల బంగారురాజుని ఆ ఇంటికి చెయ్యిపట్టుకు తీసుకొచ్చినవాడు ఆయనే. కండువాతో ముక్కు తుడుచుకుని, "సోములూ!" అని కేకేశాడు. "వాడెక్కడున్నాడో నీకేటైనా తెలుసునట్రా?"

సోములు స్తంభం చాటునుంచి వచ్చాడు. "భావనపాడులో ఉన్నారు బాబూ. ఎండుసేపల కొట్లకి రేకులేస్తన్నారు. పలాస ఎల్లినప్పుడల్లా అటెల్లి ఓపాలి సూసొస్తన్నాను."

"మూడేళ్లూ?" అంది చిన్నతల్లి. "మూడేళ్లూ తెలిసి, నాకొక్కమాట చెప్పలేదా?"

"సెప్పొద్దన్నారమ్మా. 'సిన్నతల్లి బాగున్నాదా' అని మాత్తరం నన్నడిగీవోరు."

"రేపు తెల్లవారకుండా జీపు తియ్యి," అన్నాడు జగన్నాధం. "వెనక బండి తగిలించు. వాడు చూడాల."

శ్రీకాకుళం దాటారు, టెక్కలి దాటారు. నౌపడా ఉప్పుమళ్ల దగ్గర ఎండ కళ్లలో పొడిచింది. ఈ తెల్లటి మళ్లు బావ ఎన్నిసార్లు దాటాడో అనుకుంది చిన్నతల్లి. ఈ గాలిలో ఉప్పు ఉంది, ఆయన చొక్కాకి ఇప్పుడు ఈ వాసనే ఉంటుంది. భావనపాడు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. రోడ్డు అయిపోయి ఇసక మొదలైనచోట సోములు జీపు ఆపి, "అదేనమ్మా కొట్టు," అని చూపించాడు. జగన్నాధం దిగలేదు. "నువ్వెళ్లు ముందు," అన్నాడు, ఎదురుగా అద్దంలోకి చూస్తూ.

కొట్టు నీడలో ఒక మనిషి పెట్టెకి తాడు బిగిస్తున్నాడు. చెవుల పక్కన జుట్టు నెరిసింది. చెంపలు లోపలికి పోయాయి. జీపు చప్పుడికి తలెత్తినవాడు ముందు చూసింది వెనకున్న బండిని. తరవాత ఆమెని చూశాడు.

అతను ఆమె దగ్గరికి రాలేదు. బండి దగ్గరికి నడిచాడు. చెయ్యెత్తి ముందుగోడ మీద చూరు కింద వేళ్లు పెట్టి, జల్లెడ తగిలేదాకా తడిమాడు.

"ఎప్పుడు తీసేరు?" అన్నాడు.

"నాలుగు రోజులయింది. నేనే తీసేను బావా. మూయించింది నేనేనని తెలిసేక." ఆమె రెండడుగులు ముందుకి వేసింది. "నాన్నకి చెప్పేను. షాపులో, అందరి ముందూ."

బంగారురాజు ఆమె వేలికి చుట్టిన గుడ్డ చూశాడు.

"నీకు తెలిసికూడా ఎందుకు చెప్పలేదు బావా? ఒక్క మాటంటే అయిపోయేది."

"అయిపోయేది. నువ్వు నావేపు మాట్లాడేదానివి, తప్పు నీదని తెలిసేక." అతను ఇసక వేపు చూస్తూ చెప్పాడు. "నాకది సరిపోలేదు చిన్నతల్లీ. నేనే పాడుచేసేననుకుంటూ కూడా నావేపు నిలబడతావేమోనని చూసేను."



"నిలబడలేదు," అంది ఆమె.

"నిలబడలేదు." అతని మాటలో కోపం లేదు. "నేనూ తప్పే చేసేను. పెళ్లాన్ని అలా పరీక్ష పెట్టకూడదు. పెట్టి, రైలెక్కి పోకూడదు. ఆ సంగతి తెలియడానికి నాకో ఏడాది పట్టింది. తిరిగి రావడానికి మొహం చెల్లక ఇంకో రెండేళ్లు."

ఆమె కళ్లు అప్పుడు పెట్టె మీద పడ్డాయి. దానికి బిగించిన తాడు మీద, మూత మీద సున్నంతో రాసిన అతని పేరు మీద పడ్డాయి.

"ఎక్కడికి బావా?"

అతను జేబులోంచి నాలుగుమడతల కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "అండమాన్. గోదాములకి రేకుల పని, అయిదేళ్లకి. శుక్రవారం విశాఖపట్నం రేవులో ఓడ కదులుతాది."

ఇవాళ బుధవారం. ఆమె కాగితం విప్పింది. మొదటి వరసలో అతని పేరు. కింద, భార్య అన్నచోట, గుండ్రటి అక్షరాలతో తన పేరు.

"నన్నడక్కుండానే రాయించేవా?" అంది. నవ్వబోయింది గాని ఏడుపొచ్చింది.

"రేపు పొద్దున్న చీపురుపల్లిలో దిగి అడుగుదామనుకున్నాను. దిగుతానో, ప్లాట్‌ఫారం మీద బల్ల మీద కూచుని తరవాత బండి ఎక్కేస్తానో నాకే తెలీదు." అతను మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు. "వస్తావా?"

వస్తాను అనే మాట ఆమె నాలిక చివరిదాకా వచ్చింది. మూడేళ్లుగా పాసింజరు ఆగిన ప్రతి మధ్యాహ్నమూ ఆమె దాచుకున్న మాట అది. అంతలో వెనక జీపు తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

జగన్నాధం దిగాడు. ఇసకలో నడవలేక చెప్పులు విడిచి చేత పట్టుకుని, తడబడుతూ ఇటే వస్తున్నాడు. కండువా జారిపోయినా చూసుకోవడం లేదు. "ఒరే రాజూ," అంటున్నాడు దూరం నుంచే, "ఒరే, ఇంటికి పద నాన్నా. నాకు కళ్లు సరిగ్గా ఆనడం లేదురా. షాపూ ఇల్లూ మీ ఇద్దరి చేతిలో పెట్టేస్తాను, ఇంటికొచ్చెయ్యండి."

బంగారురాజు కదల్లేదు. మావ వంక చూడలేదు. ఆమె వంకే చూస్తున్నాడు.

"ఆయనకి తెలీదు బావా," అంది చిన్నతల్లి గొంతు తగ్గించి. "ఓడ సంగతి తెలీదు."

"నేను చెప్పను," అన్నాడు అతను. "చెప్తే నువ్వే చెప్పాల."

జగన్నాధం దగ్గరికి వచ్చేశాడు. రొప్పుతూ మేనల్లుడి భుజం మీద చెయ్యి వేసి, కూతురి చేతిలో ఉన్న కాగితం చూసి, "అదేటమ్మా?" అని అడిగాడు.